డేలైట్ అంటే ఎండా, వెలుతురా, పగలా?

రాజోలు_జాకెట్లు
మా అమ్మాయి ఎనిమిదో తరగతి. ఇంగ్లీషు మాటలకు తెలుగు అర్థాలు రాసి, ఒక్కో మాటతో ఒక వాక్యం కూడా రాసుకు రమ్మన్నారు. అందులో డేలైట్ ఉంది. నన్నడిగితే ఎండ అని చెప్పాను. నోట్‌బుక్కులో ఎర్ర సిరాతో కొట్టేసి వచ్చింది. పక్కన సరైనది ఏమిటో రాయలేదు. తప్పెక్కడో దానికీ తెలియలేదు, నాకూ తెలియలేదు.

నాకు ఆ మాటతో ఇంకో గొడవ కూడా ఉంది. నేను ఇంట్లో జాకెట్లు కుడతాను. రాత్రిపూట దారం రంగు కలపడం కష్టమని పోయిన నెల కొత్త ఎల్‌ఈడీ బల్బు కొన్నాను. డబ్బా మీద కూల్ డేలైట్ అని, 6500 కె అని ఉంది. పగటి వెలుతురులాగే ఉంటుందండీ అన్నాడు షాపతను. దాని కింద వంకాయ రంగు జాకెట్టుకు దారం అచ్చంగా కలిసింది. రెండు జాకెట్లు కుట్టేశాను. పొద్దున్న అరుగు మీదకు తెస్తే దారం ఎర్రగా కొట్టొచ్చినట్టు కనిపించింది. రెండూ విప్పి మళ్ళీ కుట్టాను. పెళ్ళివారి జాకెట్లు, ఎంత టెన్షన్ పడ్డానో.

అసలు డేలైట్ అంటే ఏమిటి? ఎండ అని రాస్తే తప్పెలా అయింది? రాత్రి వెలిగే బల్బుకు ఆ పేరు ఎలా పెట్టారు?

కొత్తపేట_మాస్టారు
ఎండ అనడం పూర్తిగా తప్పు కాదమ్మా, సగం ఒప్పు. నేను ముప్ఫై ఏళ్ళు ఇంగ్లీషు చెప్పాను. ఈ మాట దగ్గర ఏటా ఎవరో ఒకరు తడబడేవారు.

ఇంగ్లీషులో సన్‌లైట్ అంటే సూర్యుడి నుంచి తిన్నగా వచ్చి పడేది. అది మన ఎండ. డేలైట్ అంటే పగటిపూట మనకందే వెలుతురంతా. తిన్నగా పడే ఎండ, ఆకాశం చెదరగొట్టి పంపే వెలుగు, గోడల మీదా నేల మీదా పడి తిరిగొచ్చే వెలుగు, అన్నీ అందులోవే. శ్రావణంలో ముసురు పట్టిందంటే నాలుగు రోజులు ఎండ పొడ కనిపించదు. అయినా వీధి గదిలో కూర్చుని పేపరు చదువుకుంటాం. అలా చదువుకోనిచ్చేది డేలైట్.

పైగా మన ఎండలో వేడి ఉంది. ఎండ, ఎండు ఒకే కుదురు మాటలు. వడియాలు ఎండేది, ఒడ్లు ఎండేది, చేపలు ఎండేది ఎండలోనే. డేలైట్‌లో వడియాలు పెట్టామని ఏ ఇంగ్లీషువాడూ అనడు. అందుకే కొట్టేసి ఉంటారు. పక్కన సరైన మాట రాయకుండా వదిలేయడం మాత్రం నాకు నచ్చలేదు. పిల్లకు కావలసింది అదే కదా.

సార్వా_దాళ్వా
మాస్టారూ, మీరు చెప్పింది పుస్తకానికి సరే. పొలంలో ఎండ అంటే వేడి ఒక్కటే కాదండి. దాళ్వా (రబీ వరి) దిగుబడి సార్వా (ఖరీఫ్ వరి) కంటే ఎందుకు ఎక్కువ? మబ్బు తక్కువ, ఎండ బాగా కాస్తుంది గనక. సార్వాలో గింజ పాలు పోసుకునేటప్పుడు మబ్బు పట్టి కూర్చుందా, తాలు ఎక్కువైపోతుంది. పైరుకు కావలసింది వెలుతురే. అయినా ఏ రైతూ వెలుతురు చాలలేదు అనడు, ఎండ లేదండీ అంటాడు. ఆ పాప రాసింది ఒప్పే.

కొత్తపేట_మాస్టారు
చేలో ఒప్పే. వాక్యాన్ని బట్టి మాట మారుతుంది. పాప ఏం వాక్యం రాసిందో చెప్పమ్మా, చూద్దాం.

రాజోలు_జాకెట్లు
"మా వంటింట్లోకి ఎండ రాదు" అని తెలుగులో రాసి, దాన్నే ఇంగ్లీషులో పెట్టింది. నిజమే, మా వంటిల్లు ఉత్తరం వైపు. పైన కొబ్బరాకులు కమ్మేసి ఉంటాయి.

కొత్తపేట_మాస్టారు
చూశావా, ఇక్కడే తేలిపోతుంది. మీ వంటింట్లోకి ఎండ రాదు. మధ్యాహ్నం అన్నం వండేటప్పుడు లైటు వేస్తావా?

రాజోలు_జాకెట్లు
వెయ్యనండి. కనిపిస్తుంది.

కొత్తపేట_మాస్టారు
ఆ కనిపించేదే డేలైట్. సన్‌లైట్ అని రాసి ఉంటే ఆ వాక్యం చక్కగా ఉండేది.

రాజోలు_జాకెట్లు
ఆయ్, ఇప్పుడర్థమైంది. బల్బు సంగతి ఎవరైనా చెప్పండి.

పాలకొల్లు_ఫొటో
బల్బు సంగతి నేను చెప్తాను అక్కా. ఇరవై ఏళ్ళుగా పెళ్ళి ఫొటోలు తీస్తున్నాను.

6500 కె అన్నది తెలుపు ఏ ఛాయలో ఉందో చెప్పే అంకె. కె అంటే కెల్విన్. అంకె తగ్గేకొద్దీ పసుపు, పెరిగేకొద్దీ నీలం. పాతకాలం ఫిలమెంటు బల్బు సుమారు 2700. మిట్టమధ్యాహ్నం ఎండకు 5500 అనుకుని ఫిల్ము తయారుచేసేవారు, ఆ రీలు డబ్బా మీద కూడా డేలైట్ అనే ఉండేది. మీ బల్బు డబ్బా మీద 6500. అది ఎండతో పాటు ఆకాశపు నీలం కూడా కలిసిన వెలుతురు లెక్క. రెండిటి పేరూ డేలైటే, అంకెలు వేరు. కెమెరాలో అయితే ఎండకు ఒక గుర్తు, మబ్బుకు ఒకటి, నీడకు ఒకటి ఉంటాయి. ఒక్క పగటి వెలుతురులోనే అన్ని రకాలు.

మీ దారం ఎర్రబడడానికి కారణం ఇంకోటి. ఛాయ కలిసినంత మాత్రాన రంగులన్నీ సరిగ్గా కనబడవు. ఎల్‌ఈడీలో ఉండేది నీలం దీపం, దాని మీద పసుపు పూత. రెండూ కలిసి తెల్లగా కనిపిస్తాయి గానీ ముదురు ఎరుపు అందులో తక్కువ. ఎండలో అన్ని రంగులూ ఉంటాయి. వంకాయ రంగులో ఎరుపూ నీలం రెండూ ఉన్నాయి కదా. గుడ్డలో వేసిన అద్దకం ఒకటి, దారంలో వేసింది ఇంకోటి. ఎరుపు తక్కువైన దీపం కింద రెండూ ఒకేలా కనిపించాయి, ఎండలోకి రాగానే విడిపోయాయి. మీ కంటి తప్పేం లేదు.

ఈసారి కొనేటప్పుడు డబ్బా మీద సీఆర్ఐ అన్న అంకె చూడండి, రంగులు ఎంత సరిగ్గా కనిపిస్తాయో చెప్పేది అది. సూర్యుడి వెలుతురుకు అది 100. మామూలు బల్బులకు 80 దగ్గర ఉంటుంది. 90 దాటినది తీసుకోండి. రేటు కొంచెం ఎక్కువ.

ఉప్పాడ_మగ్గం
ఫొటో అన్నయ్య చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజం. మాది జాందానీ నేత. రంగులు ఎంచే పని మా నాన్న ఎప్పుడూ పొద్దున్నే వాకిట్లో చేసేవాడు, దీపం పెట్టాక నూలు ముట్టుకోనిచ్చేవాడు కాదు. మధ్యాహ్నం ఎండలో కూడా వద్దనేవాడు. కళ్ళు చెదిరి లేత రంగులు తెల్లగా పోతాయి. ఎండ తగలని చోట, ఆకాశం బాగా కనిపించే చోట కూర్చోవాలి. ఆయనకు డేలైట్ అన్న మాట తెలియదు. "తేట వెలుతురు" అనేవాడు.

కొత్తపేట_మాస్టారు
తేట వెలుతురు! ఈ చర్చ మొత్తంలో నాకు దక్కిన మాట ఇది.

భీమవరం_చెరువు
మా దగ్గర డేలైట్ అంటే ఊపిరి. కొట్టిపారేయకండి, చెప్తాను.

రొయ్యల చెరువులో పగలు ప్లాంక్టన్, అంటే నీళ్ళలో తేలే సన్నటి నాచు, వెలుతురు తీసుకుని ఆక్సిజన్ వదులుతుంది. రాత్రి వదలడం మానేస్తుంది, చెరువులో ఉన్నవన్నీ మాత్రం ఆక్సిజన్ పీల్చుకుంటూనే ఉంటాయి. అందుకని డీఓ, అంటే నీళ్ళలో కరిగిన ఆక్సిజన్, సాయంత్రం ఎక్కువగా, తెల్లవారుజామున అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. మూడింటి నుంచి తెల్లారేదాకా మాకు కంటి మీద కునుకుండదు. నీళ్ళను చిలికి గాలి కలిపే ఏరేటర్లు తిరుగుతూనే ఉండాలి. ఆ టైములో కరెంటు పోయిందంటే జనరేటరు దగ్గరికి పరుగే. డీఓ పడిపోతే రొయ్య పైకి తేలుతుంది. అది చూసినవాడు జన్మలో మర్చిపోడు.

ముసురు రోజుల్లో ఇంకా కష్టం. పగలుంటుంది, వెలుతురు కూడా ఉంటుంది, కానీ చాలదు. మధ్యాహ్నం కూడా డీఓ లేవదు. మా కుర్రాళ్ళు "ఈ రోజు తెల్లారలేదు" అంటారు. గడియారంలో పది అయినా సరే.

సార్వా_దాళ్వా
ఇప్పుడు చెప్పండి మాస్టారూ. చెరువులోకీ ఎండే కావాలి.

భీమవరం_చెరువు
బాబాయ్, ఎండ మరీ ఎక్కువైనా మాకు ఇబ్బందే, నీళ్ళు వేడెక్కిపోతాయి. మాకు వెలుతురు కావాలి, వేడి వద్దు. ఈ విషయంలో నేను మాస్టారి వైపు.

నరసాపురం_లేసు
మీరంతా ఎండా వెలుతురూ అంటున్నారు. మా ఇంట్లో ఆ మాట పొద్దు. "పొద్దుండగానే ఈ పువ్వు పూర్తి చేసెయ్యి" అనేది అమ్మ. తెల్ల దారంతో తెల్ల పువ్వు అల్లాలి, వెలుతురు తగ్గితే కన్నం ఎక్కడుందో తెలియదు. అందుకని మా వీధి ఆడవాళ్ళంతా అరుగుల మీద, పొద్దు ఎటు తిరిగితే అటు పీట జరుపుకుంటూ అల్లేవారు. పొద్దు అంటే సూర్యుడు, పొద్దు అంటే టైము, పొద్దు అంటే వెలుతురు కూడా. డేలైట్‌కు ఇంతకంటే దగ్గరి మాట నాకు తోచడం లేదు. మా లేసుకు 2024లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చినప్పుడు అమ్మ గుర్తొచ్చింది. ఆమె కళ్ళు ఆ అరుగు మీదే అయిపోయాయి.

కొత్తపేట_మాస్టారు
"పొద్దుండగానే" దగ్గర నువ్వు చెప్పింది నూరుపాళ్ళు సరి తల్లీ. "పగలుండగా ఇల్లు చేరండి" అన్నా అదే. డేలైట్‌లో ఆ కాలం అర్థం కూడా ఉంది. కానీ బల్బు డబ్బా మీద పొద్దు అని రాస్తే ఎవరికీ అర్థం కాదు. ఒక్క మాటతో అన్ని చోట్లా నెట్టుకురాలేం.

యానాం_అబ్బాయి
మా తాతయ్య ఫ్రెంచి బడిలో చదివాడు. ఫ్రెంచిలో జూర్ అంటే రోజు, పగటి వెలుతురు కూడా అదే మాట అని చెప్పేవాడు. లేసు అక్క పొద్దులాగే.

రావులపాలెం_గెలలు
డేలైట్ రాబరీ అంటారు కదా, దాని సంగతేమిటి? మొన్న అరటి గెల ధర నా చెవిన పడగానే పక్కనున్న కుర్రాడు ఆ మాటే అన్నాడు. రాత్రంతా గెలలు నరికి, వాన్ మాట్లాడుకుని తెల్లారకముందే మార్కెట్‌కు తెస్తే, పొద్దెక్కేసరికి ధర సగానికి దించేశారు. వెనక్కి తీసుకెళ్తే కిరాయి దండగ, అక్కడే పెట్టుకుంటే మాగిపోతాయి. ఇచ్చేసి వచ్చాను. దీన్ని మనం ఏమనాలి?

కోర్టు_గుమాస్తా
పట్టపగలు దోపిడీ. మాటకు మాట సరిపోతుంది.

కాకినాడ_ఆకాశం
ఆ మాట పుట్టుక ఎక్కడో చదివాను. ఇంగ్లండులో ఒకప్పుడు కిటికీలకు పన్ను వేసేవారు. పన్ను తప్పించుకోవడానికి జనం కిటికీలను ఇటుకలతో మూసేశారు. వెలుతురును దోచుకున్నారు గనక డేలైట్ రాబరీ అయింది.

కొత్తపేట_మాస్టారు
ఆ కథ చాలామంది చెబుతారు, కానీ కుదరదు. కిటికీ పన్ను నిజమే, 1696 నుంచి 1851 దాకా ఉంది. మూసేసిన కిటికీలున్న పాత ఇళ్ళు ఇప్పటికీ అక్కడ కనిపిస్తాయి. కానీ ఈ మాట అచ్చులో కనిపించేది 20వ శతాబ్దంలో. పన్ను పోయి చాలా ఏళ్ళయ్యాక. అసలు అర్థం తిన్నగానే ఉంది. దొంగ చీకట్లో వస్తాడు, వీడు అందరి కళ్ళ ముందే దోచాడు. మన పట్టపగలులో ఉన్నదీ అదే.

బహువచనంలో డేలైట్స్ అని ఇంకోటుంది. 18వ శతాబ్దపు యాస మాటల్లో దానికి కళ్ళు అని అర్థం. ఒకడి డేలైట్స్ ఊడేలా కొట్టాడంటే కళ్ళు బైర్లు కమ్మేలా బాదాడని. మనవాళ్ళు ఏమంటారు? పట్టపగలే చుక్కలు చూపించాడంటారు. వాళ్ళ మాటలో ఉన్న వెలుతురు ఆరిపోయింది, మన మాటలో రాత్రి వచ్చేసింది. ఎన్నిసార్లు చెప్పినా నాకు ఇష్టమైన పోలిక ఇది. పిల్లలు ఎప్పుడూ నవ్వేవారు.

రావులపాలెం_గెలలు
మొన్న మార్కెట్లో నాకు చుక్కలే కనిపించాయి మాస్టారూ.

డబ్లిన్_నర్సు
మాది ముమ్మిడివరం, ఇక్కడికి వచ్చి ఆరేళ్ళయింది. డేలైట్ సేవింగ్ గురించి ఎవరూ రాయలేదేం?

డిసెంబరులో ఇక్కడ ఎనిమిదిన్నర దాటితే గానీ తెల్లవారదు, సాయంత్రం నాలుగు దాటగానే చీకటి. చీకట్లో డ్యూటీకి వెళ్ళి చీకట్లో ఇంటికొస్తాను. వారానికి రెండు రోజులు సెలవు దొరికితేనే వెలుతురు చూసేది. జూనులో రాత్రి పది దగ్గర పడుతున్నా వెలుగే. మార్చి చివరి ఆదివారం గడియారం గంట ముందుకు, అక్టోబరు చివరి ఆదివారం గంట వెనక్కి తిప్పుతారు. సాయంత్రం పూట ఇంకాస్త వెలుతురు మిగలాలని. అమ్మకు ఫోను చేసే టైము కూడా మారిపోతుంది, చలికాలం ఐదున్నర గంటల తేడా, వేసవిలో నాలుగున్నర. "మీ ఊళ్ళో పొద్దును ఎవరు జరుపుతారే" అని అడుగుతుంది. ప్రతి ఏడూ చెప్తాను, ప్రతి ఏడూ అడుగుతుంది. ఆ అడగడం కోసమే ఎదురుచూస్తాను.

ఇక్కడికొచ్చాకే నాకు తెలిసింది, డేలైట్ అన్న మాటను వీళ్ళు ఎంత ప్రేమగా అంటారో. ఫిబ్రవరిలో పది నిమిషాలు పొద్దు పెరిగితే వార్డులో ముసలివాళ్ళు ఒకరికొకరు చెప్పుకుంటారు. మనకు వెలుతురు దొరకడం పెద్ద సంగతి కాదు గనక మనం ఎండ గురించే మాట్లాడతాం, ఎండ నుంచి తప్పించుకోవడం గురించి.

కాకినాడ_ఆకాశం
కిటికీ కథ సరిదిద్దినందుకు మాస్టారికి ధన్యవాదాలు. నర్సు చెల్లెలు చెప్పినదానికి లెక్క కలుపుతాను.

మన గోదావరి డెల్టాలో అన్నిటికంటే పొడవైన పగలు 13 గంటల పైన కొద్ది నిమిషాలు, పొట్టిది 11 గంటల పైన కొద్ది నిమిషాలు. ఏడాది మొత్తంలో తేడా రెండు గంటలు. లండన్‌లో ఆ తేడా దాదాపు 9 గంటలు. అక్కడ గడియారం జరిపితే లాభం, ఇక్కడ జరిపితే మిగిలేది ఏమీ లేదు. దేశమంతా కలిసి మొదట జరిపింది జర్మనీ, 1916లో, యుద్ధంలో బొగ్గు ఆదా చేయాలని. మన దేశంలో కూడా రెండో ప్రపంచ యుద్ధంలో 1942 సెప్టెంబరు నుంచి 1945 అక్టోబరు దాకా గడియారాలు గంట ముందు నడిచాయి.

ఇంకో సంగతి. దేశం మొత్తానికి టైము చెప్పే రేఖాంశం 82 డిగ్రీల 30 నిమిషాల తూర్పు. అది అన్నవరానికీ తునికీ మధ్యగా వెళ్ళి సముద్రంలో దిగుతుంది. అందుకని దేశంలో గడియారమూ సూర్యుడూ దాదాపు కలిసి నడిచే చోట్లలో మనదొకటి. రేఖాంశం లెక్కన కాకినాడకు ఒక్క నిమిషం తేడా, అమలాపురానికి రెండు, భీమవరానికి నాలుగు. అయినా పొద్దు నడినెత్తికి రావడం నవంబరు మొదట్లో పావుతక్కువ పన్నెండుకు, ఫిబ్రవరి నడిమిలో పన్నెండుంపావుకు. భూమి తిరిగే తీరు వల్ల వచ్చే తేడా అది. మే మొదటి వారంలో ఒక రోజు, ఆగస్టు మొదటి వారంలో ఒక రోజు మధ్యాహ్నం మన డెల్టాలో నిటారుగా పాతిన కర్రకు నీడ ఉండదు. మీ అమ్మాయికి చూపించండి, ఎండ అంటే ఏమిటో ఎప్పటికీ మర్చిపోదు.

రాజోలు_జాకెట్లు
దీన్ని మా అమ్మాయి రెండుసార్లు చదివింది. ఆగస్టు కోసం క్యాలెండర్లో గుర్తు పెట్టుకుంది.

భీమవరం_చెరువు
ఆగస్టులో మబ్బు లేకపోతే కదమ్మా. మే నెలకు కూడా గుర్తు పెట్టమను.

మండువా_మేస్త్రి
ఇళ్ళ గురించి ఎవరూ చెప్పలేదు. నేను సివిల్ ఇంజినీర్ని, మేస్త్రి అన్నది మా తాతగారి పేరు నిలబెట్టడానికి పెట్టుకున్నాను.

గదిలో డేలైట్ ఎంతుందో లెక్క కట్టేటప్పుడు ఎండను లెక్కలోకే తీసుకోరు. ఆకాశం నిండా మబ్బు పట్టిందనుకుని, బయట ఉన్న వెలుతురులో గదిలోకి ఎన్నో వంతు వచ్చిందో చూస్తారు. నూటికి రెండు వంతులు వచ్చినా గది బాగున్నట్టే. మాస్టారు చెప్పింది ఇంజినీర్ల పుస్తకంలోనూ అదే.

మండువా లోగిలి కట్టినవాళ్ళకు ఈ లెక్కలు తెలియవు, కానీ పని తెలుసు. నాలుగు వైపుల నుంచీ కప్పు లోపలికి వాలి, నడిమిన ఆకాశం. చుట్టూ వసారాల్లోకి పొద్దున్నించి సాయంత్రం దాకా వెలుతురు దిగుతుంది, ఎండ మాత్రం నడిమి గచ్చు మీదే ఆగిపోతుంది. ఆ గచ్చు మీద ఒడియాలు, వసారాలో చదువులు. ఎండా వెలుతురూ వేరువేరని ఆ ఇంటిని చూస్తే తెలుస్తుంది. ఇప్పుడు నేను కట్టే ఇళ్ళల్లో పగలే ట్యూబులైటు వేసుకుంటున్నారు. గజం స్థలం కూడా వదలనివ్వరు. నాకు బాధగానే ఉంటుంది.

కోర్టు_గుమాస్తా
స్థలం వదలకపోతే చట్టం ఉంది. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం, 15వ సెక్షన్. మీ కిటికీ గుండా 20 ఏళ్ళు అడ్డులేకుండా వెలుతురూ గాలీ హక్కుగా వస్తూ ఉంటే ఆ హక్కు మీకు స్థిరపడుతుంది. ఆ తర్వాత పక్కవాడు గోడ లేపి మూసేస్తే అడగొచ్చు. కాస్త తగ్గిందంటే చాలదు, గట్టి నష్టమే చూపించాలి. చట్టంలో ఉన్నది వెలుతురు, ఎండ గురించి కాదు.

రాజోలు_జాకెట్లు
మా వంటిల్లు కట్టి పాతికేళ్ళు దాటింది. కొబ్బరిచెట్టు మీద కేసు వెయ్యలేను కదండీ.

కోర్టు_గుమాస్తా
వద్దమ్మా, చెట్టు మీకు కాయలిస్తోంది!

పెరటి_కొబ్బరి
కొబ్బరాకులు కమ్మేశాయన్న మాట దగ్గర నుంచి రాయాలా వద్దా అనుకుంటున్నాను.

1996 నవంబరు 6 రాత్రి తుఫాను. అప్పుడు నాకు పదకొండేళ్ళు. మా పెరట్లో నలభై రెండు కొబ్బరిచెట్లు ఉండేవి. మధ్యాహ్నం పన్నెండుకు కూడా ఇంటి చుట్టూ పచ్చటి నీడే. ఎండ నేల మీద నాణేలు పోసినట్టు చుక్కలు చుక్కలుగా పడేది, వాటి మీద కాలు పెడుతూ ఆడుకునేవాళ్ళం. ఆ రాత్రంతా మంచం కింద ఉన్నాం. చెట్లు పడుతున్న చప్పుడు లెక్కపెట్టడం మొదలెట్టి, మధ్యలో మానేశాను.

తెల్లారాక నాన్న తలుపు తోశాడు. ఇల్లంతా వెలుతురు. అంత వెలుతురు మా ఇంట్లో నేనెప్పుడూ చూడలేదు. వెనక గది మూలన ఉన్న పాత కావిడి పెట్టె మీద బొమ్మలున్నాయని ఆ రోజే తెలిసింది. అమ్మ కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఎటు చూసినా ఆకాశం. ఐదు చెట్లు మిగిలాయి. నాయనమ్మ "ఇల్లు బోసిపోయిందిరా" అని ఒక్క మాట అంది.

బడిలో డేలైట్ అన్న మాట నేర్పినప్పుడు మంచి మాటగానే నేర్పారు. నాకు మాత్రం అది విన్నప్పుడల్లా ఆ పొద్దున్నే గుర్తొస్తుంది. మళ్ళీ నాటిన చెట్లు ఎదిగి, వంటింట్లో మధ్యాహ్నం లైటు వేసుకోవలసి వచ్చిన రోజు అమ్మ ఎంత సంతోషించిందో చెప్పలేను.

నరసాపురం_లేసు
మా వాళ్ళూ ఆ రాత్రి గురించి ఇంతే చెబుతారు. పొద్దున్న చూసినదాన్నే చెబుతారు, రాత్రి సంగతి ఎత్తరు.

సార్వా_దాళ్వా
కొబ్బరి తమ్ముడూ, నాకు అప్పుడు ముప్ఫై దాటాయి. చేను మీద పడ్డ నీళ్ళ మీద ఆ రోజు ఎండ మెరిసింది. చూడలేక వెనక్కి వచ్చేశాను. ఎండ అంటే నాకూ ఎప్పుడూ మంచిదే అని పైన వాదించాను, ఆ రోజు తప్ప.

డబ్లిన్_నర్సు
ఇది చదివి అమ్మకు ఫోను చేశాను. మాకు అప్పుడు మూడు చెట్లు మిగిలాయట. ఇన్నేళ్ళూ నాకు చెప్పలేదు.

కొత్తపేట_మాస్టారు
నేను ఒక మాట చేరుస్తాను. మనం "తెల్లారింది" అంటాం, చీకటి తెల్లబడింది అని. అదే మాటతో "వాడి బతుకు తెల్లారింది" అని కూడా అంటాం. వెలుతురు వచ్చిందని చెప్పే మాటే అంతా అయిపోయిందని కూడా చెబుతుంది. అలా ఎందుకు అంటారో ఎన్నోసార్లు ఆలోచించాను. కొబ్బరి బాబు రాసింది చదివాక ఆ మాట కొంచెం అర్థమైనట్టుంది.

రాజోలు_జాకెట్లు
నాలుగు రోజుల తర్వాత వచ్చాను. అమ్మాయి వాక్యం మార్చి రాసుకెళ్ళింది. "మా వంటింట్లోకి ఎండ రాదు, కానీ మధ్యాహ్నం డేలైట్ ఉంటుంది, అమ్మ లైటు వెయ్యదు" అని. ఈసారి టిక్కు పెట్టి, తరగతిలో పైకి చదివించారట. పగటి వెలుతురు అని అర్థం రాసింది, కింద పొద్దు, తేట వెలుతురు అని కూడా రాసింది. ఉప్పాడ అన్నయ్య వాళ్ళ నాన్నగారి మాట అని చెప్పిందట.

పెళ్ళి జాకెట్లు ఇచ్చేశాను, బాగున్నాయన్నారు. దారం ఇప్పుడు పొద్దున్న ఎనిమిది దాటాక అరుగు మీద, ఎండ తగలని వైపు కూర్చుని కలుపుతున్నాను. ఆ చెప్పిన 90 బల్బు మా ఊళ్ళో దొరకలేదు ఫొటో తమ్ముడూ, పాలకొల్లులో ఏమైనా చూశావా?

పాలకొల్లు_ఫొటో
ఉంది అక్కా, నా స్టూడియోకు నాలుగు తెప్పించాను. ఒకటి మీకు పక్కన పెడతాను. మా ఆవిడ జాకెట్టు గుడ్డ కూడా తీసుకొస్తాను, మామిడిపండు రంగు. పొద్దుటిపూట వస్తాను, దారం మీ అరుగు మీదే కలుపుదురు గాని.